జోలపాటకు పిడికిలి

అక్కా, నువ్వు పిరికిదానివి. నువ్వు కట్టిన పాటను "ఎవరిదో పాతపాట" అని చెప్పి పాడమని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? ఇక్కడ అందరం క్షేమమే.

నెలనెలా జరిగే మా పాటల సాయంత్రంలో, కట్టినవాళ్ళెవరో చెప్పాకే ఎవరైనా పాడాలి. ఆడవాళ్ళ పాటలన్నీ ఇలా దాచిదాచే దిక్కులేనివయ్యాయి. అందుకే, ఆస్పత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తూ మా అక్క కట్టిన జోలపాట అని గట్టిగా చెప్పి మరీ పాడాను. యూనియన్ ఊరేగింపుల అలవాటు కదా, రెండో చరణంలో పిడికిలి దానంతటదే లేచింది. ముందు వరుసలో నిద్రపోతున్న పాప ఉలిక్కిపడి ఏడుపందుకుంది.

"బాబూ, మాటలు బంగారంలా ఉన్నాయి. నువ్వు పాడితే మాత్రం పిల్లలు పడుకోరు, సమ్మెకు పోతారు. మీ అక్కను తీసుకురా" అంది ఆ పాప అమ్మమ్మ. హాలంతా నవ్వింది. తర్వాత ఆవిడే పల్లవి మెల్లగా అందుకుంది. పాప మళ్ళీ నిద్రపోయేదాకా అందరూ గొంతు తగ్గించి నీ పాట పాడారు. అది నువ్వు వినాల్సింది అక్కా.

బావ నవ్వుతాడనేగా నీ భయం? నవ్వితే నాతో మాట్లాడమను. నీ దగ్గు తగ్గిందా? మేనకోడలు పరీక్షలు బాగా రాసిందా? దానికి నా ముద్దులు.

ఇక నా డిమాండ్లు:
మందు మానకూడదు.
వచ్చే నెల పాటల సాయంత్రానికి రావాలి.
బావను కూడా తీసుకురావాలి.
"ఇది నేను కట్టాను" అని నీ నోటితో చెప్పి, నువ్వే పాడాలి.

— నీ తమ్ముడు