నాన్న పోసిన నూనె

గురువారం, అక్టోబరు 9

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అంతా క్షేమమని మొదలుపెట్టడమే మర్యాద కానీ, ఈసారి ఆ మాట రాయబోతే కలం సాగలేదు. ఎవరి ప్రాణాలకూ భయం లేదు, అంతవరకు నిజం. ఫోను చేస్తే మీటింగులో ఉన్నానంటావు, మీటింగు అయ్యాక మర్చిపోతావు. కాగితమైతే పక్కన పడేసినా అక్కడే కూర్చుని నీ మొహం చూస్తూ ఉంటుంది.

ముందు పక్కింటి అత్తయ్య సంగతి. కుడి మణికట్టుకి ఆపరేషను చేసి లోపల ప్లేటు వేశారు. కట్టు విప్పాక వేళ్లు కదులుతున్నాయి కానీ, సూదిలోకి దారం ఎక్కించలేకపోతోంది. మొన్న నేను వెళ్లేసరికి కుట్టుమిషను ముందు కూర్చుని ఎడమచేత్తో చక్రం ఊరికే తిప్పుతోంది. వాడకపోతే బిగుసుకుపోతుందే, కాస్త నూనె వేసి తిప్పుతున్నా అంది. నూనె అన్న మాట జారగానే నాలుక కరుచుకుంది. ఇప్పుడు మనింట్లోవాళ్ల ముందు ఆ మాట ఎవరూ అనడం లేదు.

ఆ రోజు జరిగింది నీకు ముక్కలు ముక్కలుగానే తెలుసు. అత్తయ్య మోకాళ్లకి వ్యాయామం చేయించి, నాన్న ఎప్పటిలాగే ఆమెని కారులో ఎక్కించుకుని ఆసుపత్రి నుంచి ఆ ఏటవాలు రోడ్డు మీదుగా దిగుతున్నారు. నూనె గుర్తు ఎర్రగా వెలిగింది. పక్కకి తీసేలోపే ఇంజను గరగరమని ఆగిపోయింది. బ్రేకు మీద కాలు వేస్తే రాయి తొక్కినట్టుందట. కింద కూడలి, సిగ్నలు దగ్గర జనం. చేతిబ్రేకు లాగుతూ, బండిని రాతిగోడకి ఒరిపిస్తూ, కూడలి ఇంకాస్త దూరం ఉందనగా ఆపారు. బస్సు నడిపిన చెయ్యి కాబట్టి సరిపోయింది. కానీ గోడ ఉన్నది అత్తయ్య కూర్చున్న వైపు. ఇంకో వైపు పల్లం, వేరే దారి లేదు. అయినా నాన్న రోజంతా ఆ గోడనే తలుచుకుంటారు.

మెకానిక్ ఇంజను అడుగు విప్పితే నూనె నిండా నల్లటి రబ్బరు పొట్టు. నూనెలో తడుస్తూ తిరిగే ఆ టైమింగు బెల్టు అంచులు నుసిగా రాలి, పంపు జల్లెడకి అడ్డం పడ్డాయట. నూనె పైకి ఎక్కలేదు. ఇంజనుకి గాలి ఊదే టర్బో మాడిపోయింది. బ్రేకుకి బలమిచ్చే చిన్న పంపు కూడా ఆ నూనె మీదే ఆధారపడుతుందట. ఇదంతా నీకు చెప్పడం, వంటవాడికి ఉప్పు చూపించినట్టే. ఆ బెల్టు నీ టేబుల్ మీదే పుట్టింది కదా.

నువ్వు ఆ బండి తెచ్చిన రోజు గుర్తొస్తోంది. లీటరు ఇంజను, మూడే సిలిండర్లు, నూట పది గుర్రాల బలం అని నువ్వు చెబుతుంటే నాన్న బానెట్ ఎత్తి, అసలు ఇంజను ఏదిరా, ఇది దాని పిల్లా అన్నారు. పిచ్చుక అని పేరు పెట్టింది కూడా అప్పుడే. తర్వాత ఆ పిచ్చుకని చూసుకున్నట్టు మనల్ని కూడా చూసుకోలేదు. ఇంటి ముందు ఆగినా ఇంజను వెంటనే ఆపేవారు కాదు. టర్బో చల్లబడాలి, మా ఇంజనీరు చెప్పాడు అని లోపలే కూర్చునేవారు. వీధిలో పిల్లలు తాతకి ఇల్లు నచ్చలేదని నవ్వేవారు.

అలాంటి మనిషిని నువ్వు ఫోనులో మొదట అడిగింది, వేరే రకం నూనె పడితేనే బెల్టు అలా రాలుతుంది, ఏ నూనె పోశారని. దెబ్బ ఎక్కడ తగిలిందని ఆ తర్వాత అడిగావు. తప్పు పట్టడం లేదు, నీ పని అలాంటిది. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, పాత అలవాటురా, ఆ పల్చటి నూనె నీళ్లలా ఉందని బస్సుల్లో పోసే చిక్కటిది పోశాను అన్నారు. మీ కంపెనీ నుంచి పరీక్షించడానికి వచ్చినతనికి కూడా అదే చెప్పారు. అప్పటిదాకా ముళ్ల మీద కూర్చున్నట్టున్న అతను, ఆ మాట వినగానే మంచినీళ్లు అడిగి తాగాడు.

అత్తయ్య అల్లుడు వచ్చి వాకిట్లో నిలబడి అరిచాడు. ఇంజనీరు కొడుకుండి ఏ నూనె పొయ్యాలో తెలీదా, ముసలితనంలో ఇంకొకళ్ల ప్రాణాలతో ఆటలా అన్నాడు. అత్తయ్య లోపల్నుంచి, ఊరుకో నాయనా, అన్నయ్య లేకపోతే నేను ఆ కూడలిలోనే పోయేదాన్ని అంటూనే ఉంది. నాన్న తల ఎత్తలేదు. మర్నాడు తాళాలు నా చేతిలో పెట్టి, ఇక నేను నడపనమ్మా అన్నారు. ఇప్పుడు బస్సెక్కితే డ్రైవరు వెనక సీటు ఖాళీగా ఉన్నా చివరికి వెళ్లి కూర్చుంటున్నారు. డిపో స్నేహితులు ఎదురైతే వీధి మారుతున్నారు.

నాన్న మీద కోపం ఉంచుకోకు. ఒక్కసారి వచ్చి వెళ్లు. ఇది ఆయనకి చదివి వినిపించాకే పంపుతున్నాను. ఆయనకి చెప్పకుండా నీకేమీ రాయనని నా దగ్గర మాట తీసుకున్నారు. విన్నారు. బాగుందమ్మా, ఇలాగే పంపు అన్నారు. ఒంట్లో జాగ్రత్త, వేళకి తిను.

నీ మేలు కోరే
అక్క

తా.క. ఇది నా కళ్లజోళ్ల కొట్లో కూర్చుని రాస్తున్నాను. ఇది నాన్న వినలేదు.

నాన్న చిక్కటి నూనె పోయలేదు. షెడ్డులో సగం మిగిలిన డబ్బా దొరికింది, నీ కంపెనీ చెప్పిన రకమే. ఇంకో రకం ఎన్నడూ కొనలేదు. నిలదీస్తే, వాడు ఆ బెల్టు మీద ఎన్ని ఏళ్లు పోశాడో తెలుసా, నాకు పోయేదేముందమ్మా, నేను రిటైరైనవాణ్ణి అన్నారు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. నీ ప్రశ్న వినగానే నీ గొంతులో భయం ఆయనకి తెలిసిపోయిందట. తప్పు తన మీద వేసుకోవడానికి ఆ కాసేపే పట్టింది.

నేనూ నోరు మూసుకుని ఉండేదాన్నే. ఇవాళ పొద్దున ఒకామె కూతురికి అద్దాలు మార్చడానికి వచ్చింది. బయట అచ్చం మన పిచ్చుకలాంటి బండే, వెనక సీట్లో ఇంకో పసివాడు. ఈ మధ్య బ్రేకు అప్పుడప్పుడూ గట్టిగా ఉంటోందండీ అంది మాటల్లో. అద్దం పక్కన పెట్టి, ఎక్కడైనా చూపించారా అని అడిగాను. షోరూములో అడిగితే ఆ ఇంజనుతో ఏ సమస్యా లేదని, ఎవరో పెద్దాయన తప్పు నూనె పోసి గోడకి కొట్టాడని చెప్పారట. బండి ఇక్కడే వదిలి వెళ్లమని బతిమాలాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూసి పిల్లల్ని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

మన నాన్న అబద్ధం ఆమెకి ధైర్యం చెబుతోంది తమ్ముడూ. ఆయన నిన్ను కాపాడాననుకుంటున్నారు. నేను ఒట్టు తప్పాను, తెలిస్తే నాతో మాట్లాడరు, పడతాను. నువ్వు మాత్రం ఈ కాగితం మడిచేలోపు వెళ్లి ఆ బండ్లు ఆపించు.