కల్లంలో కోడి

బావమరిది శివరామకృష్ణకి పిచ్చయ్య రాయునది.

ఉభయకుశలోపరి అని రాద్దామంటే కుదరలేదు. కుశలం నీ వైపే ఉంది. మొన్న చేలో మిరపకాయల బస్తా ఎత్తబోయి పడ్డాను. కాలు విరిగింది. పేట ఆసుపత్రిలో కట్టు కట్టించుకున్నాను. ఫోన్ చేస్తే మీ అక్క పక్కనే ఉంటుంది, అందుకే ఈ రాత. కంటి ఆపరేషన్ చేయించుకుని నీ ఇంట్లో ఉన్న మనిషి. ఈ సంగతి తెలిస్తే పచ్చి కంటితోనే వచ్చి మిరప ఘాటులో కూర్చుంటుంది. చెప్పావంటే నీ తాట తీస్తాను.

కాయంతా కల్లంలో ఎండుతోంది. రోజూ తిరగెయ్యాలి, మబ్బు పడితే కప్పాలి. తడిసిందా, ఏడాది కష్టం బూజు పడుతుంది. అయినా నేనున్నాను. ఎవడి సాయమూ అక్కర్లేదని ఊరంతా వినేట్టు చెప్పాను.

ఇట్లు,
మంచాన పడ్డా తగ్గని పిచ్చయ్య

తా.క.: మంచం కల్లంలోనే వేయించుకున్నాను. పొడుగు కర్రతో పడుకునే తిరగేస్తున్నాను. కర్ర అందినంత మేరా బ్రహ్మాండంగా ఎండుతోంది.

* * *

బావగారికి నమస్కారాలు.

కర్ర అందని మేర సంగతేమిటండీ? నలుగురు కూలీల్ని మాట్లాడి పంపమంటారా? పోనీ నేనే సెలవు పెట్టి రానా?

మీ
శివరామకృష్ణ

తా.క.: ఏమిటా ఉత్తరమని అక్కయ్య అడిగింది. మీ పత్తి చేను గురించని చెప్పాను.

* * *

ఒరేయ్ శివరామకృష్ణా,

మేం పత్తి మానేసి ఆరేళ్ళయింది. ఆపరేషన్ మీ అక్క కంటికి గానీ బుర్రకి కాదు. నువ్వు రావద్దు. మిరపకాయ పేరు చెబితేనే తుమ్ముతావు.

ఇక్కడ నా బాధ వేరే. నా కల్లం సంతయిపోయింది. ఎదురింటి సిలార్, తన కోడి తప్పిపోయిందని వచ్చాడు. కాయల కింద దూరిందేమోనని కల్లమంతా తిరగేసి చూశాడు. దొరకలేదు. రోజూ వచ్చి తిరగేస్తున్నాడు. పక్కింటి కోటేశ్వరి తన కుక్కకని అన్నం తెచ్చి, కుక్క కనపడలేదని నా మంచం పక్కన పెట్టి పోతోంది. ఆ కుక్క గోంగూర పచ్చడి, నెయ్యి లేనిదే తినదట!

పక్క చేను వీరాంజనేయులు మరీను. గట్టు తగాదాతో వాడికీ నాకూ మాటల్లేవు గదా. నిన్న మబ్బు పట్టగానే ఊడిపడ్డాడు.

"ఏరా పిచ్చయ్యా, ఆ గట్టెవడిదో ఇప్పుడే తేల్చు!"

"మీ తాతదేం కాదురా!"

తిడుతూనే టార్పాలిన్ లాగాడు. మూలమూలకీ రాయి పెట్టి, రాయికో తిట్టు తిట్టాడు. చినుకు పడగానే తగాదా ఆపి వెళ్ళిపోయాడు.

ఇట్లు,
జనం పోరు పడలేని పిచ్చయ్య

తా.క.: వీరాంజనేయులుకి తిట్లు రావు. రెండు నేనే అందించాను.

* * *

బావగారూ,

చదివి రక్తం మరిగిపోయింది. కాలు విరిగిన మనిషి కల్లంలో జొరబడతారా? మా వీధిలో ఒక ఎస్సైగారున్నారు. వచ్చే ఆదివారం ఇద్దరం జీపులో వస్తాం. ఇక మీ కల్లం తొక్కబోమని ముగ్గురి చేతా చెప్పిస్తాను.

మీ
శివరామకృష్ణ

తా.క.: సిలార్‌కి ఒక కోడిపెట్టని కొని తెస్తున్నాను. ఇక వెతుక్కోవక్కర్లేదు.

* * *

శివరామకృష్ణా,

జీపెక్కావో నీకూ నాకూ చుట్టరికం సరి! పెట్టని తెచ్చావో దానితోపాటు నిన్నూ కోస్తాను! ఆ కోడి దొరికితే సిలార్ మళ్ళీ ఏ మొహం పెట్టుకుని వస్తాడు? నేను ఏ మొహం పెట్టుకుని రమ్మంటాను?

కాయ ఎండింది. ఎరుపు రవ్వంత కూడా తగ్గలేదు. నిన్న అందరూ కలిసి గోతాల్లో తొక్కి, మూతులు కుట్టి టిక్కీలు కట్టేశారు. నేను వద్దని అరిచాను. కాలు విరిగినవాడికి ఇంత హాయిగా నిద్ర పడుతుందని నాకు తెలీదురా. కల్లంలో ఘాటు పోయాక మీ అక్కని పంపు. కాలి సంగతి నేనే చెప్పుకుంటాను, తిట్లు నేనే తింటాను.

నా టిక్కీలు మోసి వీరాంజనేయులుకి నడుం పట్టేసింది. వాడి కాయ ఇంకా కల్లంలోనే ఉంది. రేపు చంకకర్ర వేసుకుని పోతున్నాను, ఆ గట్టు సంగతి తేల్చాలి. తేలేదాకా వాడి కల్లంలోనే కూర్చుని, తెల్లబడ్డ తాలుకాయలు ఏరుతూ తిడతాను. అది ఈ ఏడు తేలేట్టు లేదు.

ఇట్లు,
పోట్లాటకి పోతున్న పిచ్చయ్య

తా.క.: సిలార్ జన్మలో కోడిని పెంచలేదు. మొదటి రోజు వచ్చి, ఏం చెప్పాలో తెలీక తల గోక్కుంటూ నిలబడ్డాడు. "ఏరా, కోడి గానీ తప్పిపోయిందా?" అని అడిగింది నేనే.