నాలుగో పేరు

పెర్ల్ లగూన్,
22 ఏప్రిల్ 2019,
ఈస్టరు సోమవారం.

ప్రియమైన నాన్నగారికి,

మీ కూతురు వెల్డా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. కార్న్ ఐలాండ్‌లో మీరూ, మీతో కూడి వాక్యం చదువుకునే ఆ నాలుగు కుటుంబాలూ క్షేమమని తలుస్తాను. జనవరిలో మీరు సంఘం విడిచి పడవెక్కిన నాటి నుంచి వెనక గుమ్మం తలుపు సరిగా పడటం లేదు. అది తప్ప ఇంట్లో ఇబ్బంది లేదు.

మీరు పాస్టర్ మెక్‌రే గారికి రాసిన ఉత్తరం అందింది. మూడు పేజీలు. ఈ ఏడు జాబితా రాసి చదివే పని నాది కాబట్టి ఆయన దాన్ని నాకిచ్చారు. పోయిన ఈస్టరు నుంచి ఈ ఈస్టరు దాకా ప్రభువు దగ్గరికి వెళ్ళిన మన సంఘం వాళ్ళ పేర్లు వేకువనే సమాధుల మధ్య చదవాలి కదా. మొత్తం ఏడు. తేదీల వరసలో రాశాను. ఆర్లీన్ అక్కది నాలుగోది, ఆగస్టు తేదీతో.

ఆ పేరు చదవొద్దని మీరు రాశారు. ఆ తరం పోకముందే అన్నీ జరుగుతాయని ప్రభువు చెప్పాడనీ, యెరూషలేములో ఆలయం కూలిన నాడే ఆయన రెండో రాకడా పునరుత్థానమూ జరిగిపోయాయనీ, అక్క ఆ జ్వరం మంచం మీద నుంచే నేరుగా లేచి వెళ్ళిందనీ, మట్టిలో ఎదురుచూసేవాళ్ళ వరసలో దాన్ని నిలబెట్టవద్దనీ. మీరు వాడిన ‘ఎదురుచూపు తీరిపోయిన ఇల్లు’ అన్న మాట నాకు నచ్చింది. నోటుబుక్కులో ఎక్కించుకున్నాను.

పాస్టర్ గారు మెత్తగానే మాట్లాడారు. పునరుత్థానం గతించిందని చెప్పినవాళ్ళు అపొస్తలుల కాలంలోనే ఉన్నారమ్మా, హుమెనైయు, ఫిలేతు అని. మీ నాన్న కొత్తగా కనిపెట్టిందేమీ లేదు, అన్నారు. అమ్మ మాత్రం మెత్తగా మాట్లాడలేదు. సంఘ పెద్దల ముందు నిలబడి, కడబూర మోగిన రోజున నా పిల్ల ఆ కాళ్ళతోనే, మడమ మీద ఆ కాలిన మచ్చతోనే లేచి వస్తుంది, మా ఆయన వాక్యాలు అడ్డం పెట్టుకుని దాన్ని ఆవిరి చేస్తానంటే ఊరుకోను, పేరు చదివి తీరాలి, అంది. వెనక బెంచీ మీద నుంచి మన పక్కింటి మిస్ ఐవా, రాకడ అయిపోయుంటే నా మోకాళ్ళ నొప్పులు ఇంకా ఎందుకున్నాయో ఈవిడ మొగుడు ఎల్విన్‌ని అడగండర్రా, అంది. అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. చదవాలనే పెద్దలు తీర్మానించారు.

శనివారం సమాధులకు సున్నం వేశాం. అక్కదానికి అమ్మ రెండు పూతలు వేసి మూడోదానికి కుంచె ముంచింది. చాల్లే తల్లీ, ఇంకొక్క పూత పడితే పిల్ల లోపలి నుంచి పగలగొట్టుకోలేదు, అంది మిస్ ఐవా. నేను బకెట్ పట్టుకున్నాను. సున్నం పడి నా వేళ్ళు పొక్కాయి. ఆ సంగతి మర్నాడు మధ్యాహ్నం వేళ్ళు చూసుకుంటే గానీ తెలియలేదు.

ఆదివారం వేకువన గుడి నుంచి సంఘం బాకాల వెంట పాడుకుంటూ నడిచాం. మీ ట్రాంబోన్ వంతు ఎవరూ ఊదలేదు. పాటలో అక్కడ ఖాళీ వచ్చింది, దాటి వెళ్ళిపోయారు. తూర్పు తెల్లబడుతుండగా నేను ముందుకు వెళ్ళి ఏడు పేర్లూ చదివాను. ఎవరూ ఏడవలేదు. ఎండ వచ్చింది. ఇంటికి వచ్చి కొబ్బరి రొట్టె తిన్నాం.

అమ్మ మీకు చెప్పమన్నది ఇది: పేరు చదివారు, నా మాటే నెగ్గింది, ఇక పాస్టరుకు ఉత్తరాలు రాసి మన ఇంటి సంగతి ఊరందరి నోళ్ళలో పెట్టొద్దు.

దీన్ని మీ దీవికి పడవ నడిపే హ్యూబర్ట్ మామయ్య చేతికి ఇస్తున్నాను.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే కూతురు,
వెల్డా

తా.క. అమ్మ పై ఉత్తరమంతా చదివి, బాగా రాశావని చెప్పి మిస్ ఐవా ఇంటికి వెళ్ళింది. నాన్నా, నేను ఆరు పేర్లే చదివాను. మూడోది అవగానే అమ్మ నా పక్కకు వచ్చి కాగితంలో నాలుగో వరస మీద బొటనవేలు పెట్టింది. తీయలేదు. నేను ఐదోదానికి వెళ్ళాను. తీర్మానం చేసిన పెద్దల్లో ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. తిరిగి వచ్చే దారిలో అమ్మ, దాన్ని వాళ్ళలో కలపలేకపోయానే, మీ నాన్నకు మాత్రం చెప్పకు, అంది.

మీ మూడు పేజీలూ మళ్ళీ చదివాను. లేచింది అని మీరు రాశారు. లేస్తుంది అని అమ్మ అంటుంది. ఆ రెండింటికీ ముందు అనవలసిన మాట ఒకటుంది. ఆగస్టు నుంచి మన ముగ్గురిలో ఎవరమూ దాన్ని అనలేదు. మాటలంటే నాకు ఇష్టమని అందరికీ చెప్పుకుంటాను కదా, ఈ ఒక్కటి రాయడానికి పొద్దున్నుంచీ కూర్చున్నాను.

అక్క చనిపోయింది, నాన్నా. మీరు ఇంటికి వస్తే అమ్మ ముందు కూడా అనగలనేమో.