ఏడో కిటికీ దగ్గర లీకు

అన్నయ్యా,

ల్యాబు కాగితాన్ని, ల్యాబు సమయాన్ని, పైలోకంలో నీ ప్రశాంతతను ఒకేసారి పాడుచేస్తున్నందుకు యావత్ భౌతికశాస్త్ర లోకానికీ నా బహిరంగ క్షమాపణలు. నువ్వు పోయి నేటికి ఏడాది.

ఈ ఉదయం గాలి లేని రింగు గొట్టంలో తిరుగుతూ ఆరు గంటలు నిలవాల్సిన ఎలక్ట్రాన్ల బీమ్ రెండు గంటలకే నీరసించిపోయింది. అది ఇచ్చే ఎక్స్‌రేలతో ప్రయోగాల కోసం వంతు కాచుకున్న వాళ్లంతా కంట్రోల్ రూమ్‌కి వచ్చి, ఎలక్ట్రాన్లను నేనే నమిలేసినట్టు నా వైపు చూశారు. బీమ్ ఆపి, నువ్వు నేర్పినట్టే లీకు కోసం ఒక్కో అతుకు మీదా ఆల్కహాల్ చల్లుకుంటూ వెళ్లాం. ఎక్స్‌రేలు బయటికొచ్చే ఏడో కిటికీ దగ్గర పీడనం గేజ్ ముల్లు ఎగిరింది. గాలి అక్కడినుంచే లోపలికి పోతోంది.

"నిరుడు మీ అన్న మొదట అనుమానించింది దీన్నేగా?" అన్నాడు మా షిఫ్టు పెద్ద బాబ్. ల్యాబులో సీనియర్‌వైన నువ్వు నా సొంత అన్నవనే అనుకుంటాడు, నేనెప్పుడూ దిద్దలేదు. పాత లాగ్‌బుక్ తెరిచి చూపించాడు. "పాపం, రాసిందాన్ని మళ్లీ తనే కొట్టేసుకున్నాడు. ఎందుకో తన మీద తనకే నమ్మకం పోయింది."

నేను తలూపాను.

ఇక్కడ లాగ్‌బుక్‌లో రాసిన మాట వెనక్కి తీసుకోవాలంటే దాని మీద గీత గీసి పొడి అక్షరాలు పెడతారు కదా. నిరుడు నువ్వు రాసినదాన్ని నమ్మి కిటికీ విప్పితే రింగు రెండు వారాలు ఆగేది. నా థీసిస్ కొలతలకు వంతు ఆ వారమే. నువ్వేమో ఆసుపత్రిలో ఉన్నావు.

ఆ గీత గీసింది నేనే, అన్నయ్యా. కింద నీ అక్షరాలు పెట్టిందీ నేనే.