ఎడమ అంచు పైన

నగోయా, నవంబరు 9

ఆత్మీయులైన హరువె వదినగారికి,

మీ చెల్లెలు ఇకుయో బొమ్మల పుస్తకం మళ్లీ అచ్చు వేస్తున్నామని ప్రచురణకర్తలు నమూనా ప్రతి పంపారు. ఆమె గీసిన పంతొమ్మిది పుస్తకాల్లో మొదటిది. చిన్నపిల్ల కమలాపండు పట్టుకుని అమ్మమ్మ ఇంటికి నడిచి వెళ్తుందే, అది. మూడో పేజీ దగ్గరే మూసేశాను.

పాప కిమోనోకి కుడి అంచు పైన ఉంది. ప్రతి పేజీలోనూ. బతికున్నవాళ్లకు ఎడమ అంచు పైకి రావాలి. ఏప్రిల్‌లో శవపేటికలో పడుకోబెట్టే ముందు, మీరూ నేనూ కలిసి ఇకుయోకి కుడి అంచు పైకి తెచ్చి కట్టాం. ఏడేళ్ల పాపకు ఆ కట్టు కట్టి రోడ్డు మీద నడిపిస్తున్నారు వీళ్లు.

సంపాదకుడు కుసాకాకి ఫోన్ చేశాను. నిలువు రాతను అడ్డంగా మార్చారట. దాంతో పుస్తకం రెండోవైపు నుంచి తెరుచుకుంటుంది. పేజీ తిరిగే వైపుకే పాప నడవాలని బొమ్మలన్నిటినీ అద్దంలో చూపినట్టు తిప్పేశారు.

“మాస్టారూ, పిల్లలు బొమ్మ చూస్తారుగానీ అంచులు చూస్తారా?” అన్నాడు.

“నీ పెళ్లికి అలాగే కట్టుకో. చూస్తారో లేదో మీ అమ్మగారు చెప్తారు,” అన్నాను.

ఒక్క మడత కుదరక ఇకుయో వారం రోజులు కాగితాలు చింపేది. వీడు ఒక్క మీట నొక్కాడు.

ఒకటే మేలు. చివరి పేజీలో వరండాలో కూర్చుని పాప ఇచ్చే పండు అందుకుంటున్న అమ్మమ్మకు ఇకుయోనే పొరపాటున కుడి అంచు పైకి గీసింది. అప్పట్లోనే చెప్పాను. “అలాగా,” అని టీ పోసింది. తిప్పడంతో అదొక్కటి సరిపోయింది. మిగతావి దిద్దకపోతే అనుమతి ఇవ్వను.

మీ మరిది,
తత్సుహికో


నగోయా, నవంబరు 14

వదినగారికి,

నిన్న ఫోన్లో మీరన్నవి ఇంకా చెవిలోనే ఉన్నాయి. “పొరపాటేంటి మరిదీ? చిన్నప్పుడు తోటలో మంచి పండు వెతుక్కుంటూ మా ఇకుయో ఆలస్యం చేసింది. వచ్చేసరికి మా అమ్మమ్మ పోయింది, ఆ కట్టు కట్టేశారు. అయినా పండు చేతిలో పెట్టి, తినమని పక్కనే కూర్చుంది. కాలేజీలో పాఠాలు చెప్పావు, దానితో నలభై ఏళ్లు కాపురం చేశావు. ఎందుకలా గీశావని ఒక్కసారి అడగలేకపోయావా?”

అడగలేదు. తప్పు చూపించాను. ఆమె టీ పోసింది.

కుసాకా మీద కోపం తగ్గలేదు. కాని అతను నెల రోజులు చూసి కనిపెట్టలేకపోయాడు. నేను ముప్పై ఎనిమిదేళ్లు చూశాను.

ఈ ఉదయం అతనికి చెప్పాను, ఒక్క బొమ్మ కూడా తిప్పడానికి వీల్లేదని, అమ్మమ్మతో సహా. కారణం విని, “చనిపోయినావిడ అంటే పిల్లలు భయపడరా మాస్టారూ?” అన్నాడు.

“ఇన్నేళ్లుగా ఆమెకు పండు ఇస్తున్నది పిల్లలే,” అన్నాను.

రాత నిలువుగానే ఉంచుతామన్నాడు.

ఏప్రిల్‌లో ఇకుయో పెట్టెలో కుంచెలు పెట్టాను. పండు సంగతి అప్పటికి నాకు తెలియదు. మీ తోటలో కమలాలు కోతకు వచ్చే ఉంటాయి. ఒక్కటి పంపండి.

తత్సుహికో