పలక మీద రాయకుండా వెళ్ళాను

ఆదివారం, రాత్రి

ఎవరు బయటికి వెళ్ళినా, ఎక్కడికి వెళ్తున్నారో గుమ్మం పక్కనున్న పలక మీద రాసి వెళ్ళాలన్న నియమం నాదే. పోయిన వారం మనవరాలు సహస్ర రాయకుండా స్నేహితురాలి ఇంటికి వెళ్తే, కూర్చోబెట్టి మరీ చెప్పాను: ఇది అనుమతి కోసం కాదు, ఇంట్లో ఉన్నవాళ్ళు భయపడకుండా ఉండడానికని. బళ్ళో గేటు దగ్గర సంతకం పెట్టించుకునేదీ అందుకేనని.

ఈరోజు నేనే రాయలేదు. పొద్దున అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు చూడడానికి వెళ్తూ, ఈ వయసులో నా రాకపోకలు చాక్‌పీసుతో విన్నవించుకోవాలా అనుకున్నాను. ఫోను ఇంట్లోనే మరిచాను. నాంపల్లిలోని ఇంటికి తిరిగి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నన్ను వెతకడానికి మా అబ్బాయి స్కూటరు మీద వెళ్ళాడట. పిల్ల మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"యాడికి పోయినవ్ నానమ్మా? పలక మీద ఏం లేదు."

"నేనెవరి పర్మిషన్ తీసుకోవాలే?"

"పర్మిషన్ కాదు, జర రాసి పోవాలె, అంతే. నువ్వే చెప్పినవ్ గదా."

అవి నా మాటలే. సంతోషించవలసింది పోయి, పెద్దవాళ్ళకు ఎదురు చెప్పకూడదని కసిరాను. "పిల్ల అన్నం గూడ తినలే అత్తయ్యా" అన్న కోడలినీ కసిరాను.

పడుకునే ముందు సహస్ర వచ్చి, "సారీ నానమ్మా, ఇంక ఎదురు మాట్లాడ" అంది. సరేనన్నాను. భయపడిందీ అదే, క్షమాపణ చెప్పిందీ అదే. ఇన్నేళ్ళు క్లాసులో పాఠాలు చెప్పిన నాకు, తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇక దానికి గుర్తుండేది నియమం ఎందుకు పెట్టానో కాదు, అది ఎవరికి వర్తించదో...