ఊ కొట్టిన ఇంటర్వ్యూ

వనపర్తి

సింధూజక్కా,

నువ్వు ఫోన్ ఎత్తుతలేవు. ఎత్తినా నాకు మాట్లాడే ముఖం లేదు. అందుకే మహిపాల్ బావతోని ఈ ఉత్తరం పంపుతున్న.

మీ కంపెనీ సార్ నన్ను ఫోన్‌ల ఇంటర్వ్యూ చేసినప్పుడు, ప్రశ్నలు నువ్వే ముందుగాల చెప్పినవని నేను ఒప్పుకున్ననట. దాంతోని నీ మీద ఎంక్వయిరీ పెట్టిండ్రని బావ చెప్పిండు. అక్కా, నేను ఒప్పుకోలే. ఊ కొట్టిన, గంతే. జోగులమ్మవ్వ కథ చెప్తున్నప్పుడు మనం ఊ కొట్టకపోతే "పండుకున్నరా ఏందే?" అని ఆపేస్తుండె గదా. సార్ ఇంగ్లీషు ఆగకుండ ఉరుకుతుంటే, వింటున్నట్టు తెల్వాలని ప్రతి మాటకూ ఊ అన్న. సగం అర్థం కాలే.

"అర్థం కాని కాడ ఆపు, మళ్ల విను" అని నువ్వు ఎన్నిసార్లు చెప్పినవ్! నేనేమో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, బియ్యం ఏరుకుంట ఇంగ్లీషు వార్తలు వినుకుంట పోయిన. ఒక్కనాడూ ఆపలే. ఆపితే, రాదన్న సంగతి నాకే తెలుస్తదని సిగ్గు.

నిన్న సార్‌కు నేనే ఫోన్ చేసిన. "ఆ రోజు నాకు అర్థం కాలేదు సార్, జర మెల్లగ మళ్ల అడగండి" అని వచ్చిన ఇంగ్లీషుల చెప్పిన. ఆయన ఒక్కొక్క మాటే విడదీసి అడిగిండు: "ప్రశ్నలు సింధూజ ముందే చెప్పిందా?" నోటిదాకా ఊ వచ్చింది. మింగి, "నో సార్" అన్న.

ఎంక్వయిరీ ఆపుతనన్నడు. నా ఉద్యోగం ఊసెత్తలే, నేనూ అడగలే.

కోపం తగ్గకున్నా సరే, ఒకసారి ఫోన్ చెయ్యక్కా. నువ్వు తిడుతుంటే ఊ కొడ్త. ఈసారి అర్థమయ్యే కొడ్త.

నీ చెల్లె